ఉత్త అక్షరాల హోంపేజీ

ఓంప్రకాశ్ చేతిలో ఉన్నవి ఒక పాత కంప్యూటరు, ఎన్నికలు అయిపోయాక దుమ్ము పట్టిన ఫ్లెక్సీ మిషను, తనకంటే తెలివైన భార్య పద్మలత. బేరం ఒక్కటే. జమ్మికుంటలోని ఒక పాత గ్రంథాలయం తన పుస్తకాలను స్కాన్ చేయించి నెట్‌లో పెట్టింది. దానికి హోంపేజీ చేసివ్వాలి. ఖర్చు భరిస్తున్న ట్రస్టు మేడం ఇవాళ పరీక్షించడానికి వస్తోంది. ఆమె ఒప్పుకుంటే మిగతా ఊళ్ల గ్రంథాలయాల పేజీలు కూడా ఓంప్రకాశ్‌కే. ఒప్పుకోకపోతే దుకాణం షట్టరు దించడమే.

మేడం బండి హుజూరాబాద్ దాటిందని కబురొచ్చింది. పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు. గ్రంథాలయం వెనక గదిలో, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"గింత బరువు పెడితె గీ నెట్టు ఎట్ల గుంజుతది?" అంది పద్మలత. "పైన బంగారు తోరణం, నడుమ గ్రంథాలయం అధ్యక్షుడు గోపాల్‌రావు సారు నిలువెత్తు ఫోటో, చుట్టు పత్తిపూలు. గిది హోంపేజీ కాదు, సారు పుట్టినరోజు ఫ్లెక్సీ."

"పత్తి మార్కెట్‌ల చూడు. బస్తా పైన తెల్లపత్తి కనవడితెనే వేలం పాట పెరుగుతది."

"పుస్తకాల పేర్లన్న అక్షరాలుగ పెట్టినవా?"

"మన ఫ్లెక్సీ అక్షరాలు నెట్‌ల పిచ్చిగీతలుగ వస్తయి. అందుకే అన్ని పేర్లు బొమ్మలు జేసి అతికిచ్చిన."

పద్మలత అతన్ని జరిపి తాను కూర్చుంది. "తోరణం తీస్తున్న."

"తియ్యి."

"సారు ఫోటో?"

ఫోటో ఉంటే పేజీ రాదు. ఫోటో పోతే సారు ఊరుకోడు. ఓంప్రకాశ్ రెండు నష్టాల్లో చిన్నది ఏరుకున్నాడు. "తియ్యి."

పత్తిపూలు పోయాయి. పేర్ల బొమ్మలూ పోయాయి. ఫోన్లో మెసేజీలు రాసే మామూలు అక్షరాలతో ఆమె విభాగాల పేర్లు, వాటి కింద పుస్తకాల పేర్లు టకటకా కొట్టింది. పైన వెతకడానికి ఒక గడి. పేజీ వెంటనే తెరుచుకుంది. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు, అంతే.

అప్పుడే గోపాల్‌రావు తొంగి చూశాడు. "ఏందయ్యా గిది? నేనేడ?"

"నెట్టు మోస్తలేదు సార్."

"నన్ను మోస్తలేదా? పెండ్లికి పిలిచి పచ్చిపులుసు పోసినట్టున్నది! మేడం కాదన్నదంటె నీ మొకం మల్ల నాకు చూపియ్యకు."

బయట బండి ఆగింది. ఆయన శాలువా పట్టుకుని ముందు హాల్లోకి ఉరికాడు. కాసేపటికి అక్కణ్నుంచే కేక వేశాడు. "మేడం ఫోనుకు లింకు పంపుమంటుంది. ఇగ నీ కర్మ!"

ఓంప్రకాశ్ లింకు పంపాడు. హాల్లోకి పోకుండా తలుపు వెనకే నిలబడ్డాడు. అవతల హాల్లో ఒక ఆడగొంతు పేజీని పైనుంచి చదవసాగింది. "వెతకండి." ఆగింది. "కథలు." మళ్లీ ఆగింది. "పాటలు." మెచ్చుకోలు లేదు, కోపమూ లేదు.

"అక్షరం అక్షరం పట్టి చూస్తుంది. తప్పులు ఏరుతుంది, పద్మా."

"జర ఆగు."

"ఏం ఆగుడు? కొనేటోడు సరుకును గింతసేపు పిసుకడు. అయిపోయింది. మిషను ఇనుప సామానోనికి తూకానికేద్దాం."

"దానితోని నన్ను గూడ కాంట మీద పెడతవా ఏంది? ఊకో."

చదవడం ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఓంప్రకాశ్ తల వంచేశాడు.

"ఈ పేజీ చేసిందెవరు?" ఇందాక చదివిన గొంతు కాదిది.

"మేమే మేడం. మాఫ్ చెయ్యిండ్రి. ఒక్క పూట టైమియ్యిండ్రి, రంగులు, ఫోటోలు అన్ని మల్ల పెడత."

"ఏం పెట్టొద్దు. మిగతా ఊర్లయి గూడ మీరే చెయ్యిండ్రి. అన్ని గిట్లనే ఉండాలె."

ఓంప్రకాశ్ మనసులో లెక్క కట్టాడు. పోయినవి తోరణం, పత్తిపూలు, సారు నిలువెత్తు ఫోటో. వచ్చింది మిగతా ఊళ్ల పనంతా. తలెత్తి, రెండు చేతులూ జోడించాడు.

ఆమె బదులు దండం పెట్టలేదు. "ఇంతకుముందు ఎవరి పేజీ తెరిచినా నా ఫోను 'బొమ్మ, బొమ్మ' అనే చదివింది, పుస్తకం పేరు చదివి వినిపించింది మీ పేజీ ఒక్కటే," అంటూ తెల్లకర్రతో గడపను తడిమి చూసుకుంది.