జలగ స్వామి

"ఆ పెట్టె నా బల్లమీద నుంచి తియ్యవయ్యా!"

డాక్టర్ శ్రీపాదరావు కేకకు వరండాలోని రోగులంతా తిరిగి చూశారు.

బక్కపల్చని మనిషి ఐసు పెట్టె దించి ఒళ్లో పెట్టుకున్నాడు. పేరు సేతుమాధవరావు. బెంగుళూరులో ఏదో పరిశోధనశాల నుంచి ఆదోనికి వచ్చాడు. అది ఎనభై రెండో సంవత్సరం.

"గొర్రెలు కాసేవాళ్లకు జ్వరాలు వస్తున్నాయని విన్నానండీ. మందు పడకముందు వాళ్ల రక్తం కొంచెం కావాలి."

"రక్తం నేనూ పరీక్ష చేయించినాను. ల్యాబులో ప్లేట్లో వేసి పెంచి చూస్తే ఏ క్రిమీ పెరగలేదు."

"కొన్ని క్రిములు ప్లేట్లో పెరగవండీ. బతికున్న కణంలోకి దూరితేనే పెరుగుతాయి. మేము సీసాల్లో జీవకణాలు పెంచి, వాటిమీద రోగి రక్తం వేసి చూస్తాం."

"సీసాల్లో కణాలు పెంచుతావా? వాటికి ఉగ్గు కూడా పెడతావా?"

కాంపౌండరు కిసుక్కున నవ్వాడు.

సేతుమాధవరావు పెట్టె పట్టుకుని పెద్దకడుబూరు బస్సెక్కాడు.

ఆ పక్కనే ఉన్న చిన్న పల్లెలో అప్పటికే ఇద్దరు చనిపోయారు. గొర్రెల ఉచ్చీరప్ప భార్య హులిగమ్మ మంచాన పడి ఉంది.

"కొంచెం రక్తం ఇప్పించప్పా. ఇది ఏ జ్వరమో తెలుస్తుంది."

"తెలిస్తే? మా ఆడమనిసికి నయమైతాదా?"

"కచ్చితంగా చెప్పలేను."

ఉచ్చీరప్ప చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"ఒంట్లో నెత్తురు లేక అది పండుకోనుంటే, ఉండేది గూడా పీకనీకి వచ్చినావా? నువ్వు మనిసివా, జలగవా?"

ఆ మాటతో ఊరంతటికీ ఆయన జలగ స్వామి అయ్యాడు. ఎవరూ గడప తొక్కనివ్వలేదు. ఆయన ఎదురుపడితే ఆడవాళ్లు చేతులు కొంగులో దాచుకునేవాళ్లు.

అయినా ఆయన పోలేదు. మందల్లోనే తిరిగాడు. గొర్రె ఈనుతుంటే పక్కన చతికిలబడి, క్రిమి అందులోనైనా దొరుకుతుందేమోనని ఉమ్మనీరూ మాయా సీసాల్లోకి ఎత్తుకునేవాడు.

"సూడండ్రా! పూజలు సేసుకోవాల్సిన బాపన సామి గొర్రె మాయ ఎత్తుకుంటాండాడు. థూ!"

ఉచ్చీరప్ప ఉమ్మేస్తే చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

ఒకరోజు ఆయన ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

"జలగ రాలిపోయిందిలే," అన్నాడు ఉచ్చీరప్ప. ఊరికి అంతటితో ఆయన సంగతి తీరిపోయింది.

హులిగమ్మ మాత్రం కోలుకోలేదు. తగ్గినట్టే తగ్గి జ్వరం మళ్లీ కాసేది. గంజి కూడా లోపలికి పోవడం మానేసింది. ఇక లాభం లేదనుకుంటున్నప్పుడు శ్రీపాదరావే మనిషిని పంపి ఆమెను పిలిపించాడు. కొత్తగా ఏవో గొట్టం మాత్రలు ఇచ్చాడు.

వారం తిరక్కుండా ఆమె లేచి కూర్చుని జొన్నరొట్టె అడిగింది.

ఉచ్చీరప్ప ఆసుపత్రికి పరుగున వచ్చి దండం పెట్టాడు.

"నీ చేతి చలవ సామీ!"

"నాదేం లేదప్పా. బెంగుళూరు నుంచి ట్రంకాల్ వచ్చింది. క్రిమి దొరికిందంట, సీసాలో పెరిగిందంట. ఏ మందుకు చస్తాదో వాళ్లే చెప్పినారు."

"ఆ జలగ సామి పని సేసే చోటేనా?"

"ఆ చోటే."

ఉచ్చీరప్ప పెదవి విరిచాడు.

"మా ఊళ్లో ఆయప్పకు ఎవురూ సుక్క గూడా ఇయ్యల్యా సామీ. యాడో ఇంగొక ఊరోళ్లు మోసపోయి ఇచ్చింటారు."

శ్రీపాదరావు బల్ల మీది సామాన్లు అటూ ఇటూ జరిపాడు. తల ఎత్తలేదు.

"ఏ ఊరోళ్లూ ఇయ్యలేదు ఉచ్చీరప్పా. మీ మందలోనే ఆయనకూ జ్వరం తగులుకుంది, దాంతోనే బెంగుళూరు చేరినాడు. మందు పడితే క్రిమి దొరకదని మాత్ర ముట్టకుండా, ఒక సీసాలో పెరగకపోతే ఇంకో సీసాకు తన నెత్తురే ఇచ్చుకుంటా, అది పెరిగే నాటికి చనిపోయినాడు."