తోడేసిన గుంట

"అమ్మా, ఆ నీళ్ళు తోడకండి."

నాగమల్లేశ్వరి చేతిలో బకెట్ అలాగే ఆగిపోయింది.

గుమ్మంలో ఎవరో మనిషి. ఎర్ర పంచె, ఎర్ర కండువా, మెడలో మాల, కాళ్ళకు చెప్పుల్లేవు. దుర్గమ్మ దీక్షలో ఉన్న భవానీ. యాభై దాటినట్టున్నాడు. ఆ ఊరివాడు మాత్రం కాదు.

తుఫాను వెళ్ళి వారమైనా, చల్లపల్లి అవతలి ఆ నేతపేటలో మగ్గం గుంటలు ఇంకా నిండే ఉన్నాయి. నేసేవాళ్ళు కాళ్ళు దింపుకుని కూర్చునే గుంట అది. నాగమల్లేశ్వరి మామగారు స్వయంగా తవ్వుకున్నాడు. మొగుడు పోయాక ఆమెకు ఇంత ముద్ద పెట్టిందీ అదే. అందులో మురుగు నిలవనిస్తే మగ్గానికి అవమానం.

"ఎందుకు తోడకూడదండీ?"

"నష్టం రాసుకునేవాళ్ళు ఇంకా రాలేదమ్మా. వాళ్ళు కళ్ళారా చూసిందాకా ఉండనివ్వండి. పోనీ, ఒక్క ఫోటో అన్నా తీసుకోనివ్వండి."

ఫోటో అనగానే ఆమెకు ఒళ్ళు మండింది. మునిగిన ఇళ్ళ ఫోటోలు చూపించి చందాలు దండుకునే బాపతు ఎంతమందిని చూడలేదు!

"అమ్మవారి మాల వేసుకుని, మగ్గాన్ని మురుగులో ఉంచమంటారా? ఇదేం భక్తండీ?"

"కోప్పడకండమ్మా. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తే పోతాను."

"పక్క వీధిలో బోరింగు ఉంది, వెళ్ళండి."

మాలలో ఉన్న మనిషికి మంచినీళ్ళు లేవనడం ఆ పేటలో ఎవరూ చేయని పని. కానీ కోపం వస్తే నాగమల్లేశ్వరికి పాపపుణ్యాలు గుర్తుండవు.

సాయంత్రానికల్లా గుంట తోడేసింది. పసుపునీళ్ళు చల్లి, ముగ్గేసి, దీపం పెట్టింది. అప్పటికి గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

మర్నాడు నష్టం రాసుకునే ఉద్యోగి హర్షవర్ధన్ ట్యాబ్ పట్టుకుని వచ్చాడు.

"గుంటలో నీళ్ళేవమ్మా?"

"నిన్ననే తోడేశాను బాబూ."

"నీళ్ళు నిలిచినవే రాయమన్నారండి. ఇదేమో పెళ్ళిపందిరిలా ఉంది."

'నష్టం లేదు' అని నొక్కి వెళ్ళిపోయాడు. సర్కారు సాయం ప్రకటించిన మాట నిజమే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా!

నాగమల్లేశ్వరి అరుగు మీద కూలబడింది. మగ్గం కర్రలు ఉబ్బిపోయాయి, పడుగు దారాలు కుళ్ళిపోయాయి. ఆ జాబితాలో పేరు లేకపోతే మగ్గం మళ్ళీ నిలబడదు. రేపట్నుంచి రొయ్యల షెడ్డులో తలకాయలు తుంచే పనికి పోవాల్సిందే.

అంతలో ఆ భవానీ మళ్ళీ వచ్చాడు.

"మీరన్నట్టే అయ్యింది. సంతోషమేనా?" అంటూ ఆమె బావురుమంది. "కష్టం కనపడని కళ్ళేం కళ్ళండీ? అలా రాసినోడి చెయ్యి పడిపోను!"

అతని మొహం నల్లబడింది.

"మీ ఉసురు తగలాల్సిందేనమ్మా," అన్నాడు మెల్లగా. "గుంట తోడేసినవాళ్ళు పేటలో ఇంకెంతమంది?"

"నాతో కలిపి తొమ్మిదిళ్ళు."

"పేర్లు చెప్పండి."

ఆ తర్వాత మూడు రోజులు మండలాఫీసు మెట్లే అతనికి కోవెల అయ్యాయి. అక్కడి కుళాయి కింద స్నానం, ఆ మెట్ల మీదే పూజ, ఒంటిపూట తిండి. వచ్చే పోయే ప్రతి ఉద్యోగికీ ఆ తొమ్మిది పేర్లూ చదివి వినిపించడమే పని.

"పొమ్మంటే పోడు, తిడితే పలకడు," అని పక్కింటి ఏడుకొండలు కబురు మోసుకొచ్చాడు. "దీక్ష కొండ మీద చేసుకోవయ్యా అంటే, అమ్మవారు ఇక్కడే చేసుకోమంది అన్నాడంటక్కా!"

నాలుగో రోజు ఆఫీసరు రామకోటేశ్వరరావు గారే పేటకు వచ్చారు. వెనకాల భవానీ.

"ఎక్కడయ్యా నష్టం? శుభ్రంగా ఉందిగా!"

"గుంట గోడలోకి వేలు పెట్టి చూడండి సార్."

వేలు సగం దాకా దిగబడింది.

"ఇప్పుడు ఆ పడుగు లాగండి."

లాగితే పిడికెడు దారాలు ఊడి చేతిలోకి వచ్చాయి.

"నీళ్ళు తోడేస్తే నీళ్ళే పోతాయి సార్, నష్టం పోదు. పనిముట్లకు ఫారంలో వేరే గడి ఉంది. రెండో పేజీలో, అట్టడుగున. దాన్ని ఎవరూ తెరవరు."

ఆఫీసరు గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. ఏదో అనబోయి మానేసి, ట్యాబ్ అందుకున్నారు.

తొమ్మిది పేర్లూ ఎక్కాయి.

మర్నాడు నాగమల్లేశ్వరి తలంటుకుని, భవానీకి భిక్ష పెట్టాలని ఉల్లి తగలకుండా పప్పు, పులిహోర, పరమాన్నం వండింది. అరిటాకు వేసి గుమ్మంలో నిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చినా ఆయన రాలేదు. తెల్లారుతూనే బెజవాడ దారి పట్టాడని ఎవరో చెప్పారు.

పేరేమిటంటే ఒక్కరికీ తెలియదు. మాల వేసుకున్నాక అందరూ భవానీలే, ఇక పేరెవరు అడుగుతారు? రేపు దీక్షలు విరమించేనాడు ఇంద్రకీలాద్రి మీద లక్షమంది ఎర్రబట్టల్లో ఉంటారు. అందులో ఈయన్ని ఎక్కడని వెతకడం? గుక్కెడు నీళ్ళయినా పోయలేదే అని ఆమె కుమిలిపోయింది.

సాయం సొమ్ముకు వేలిముద్ర వేయడానికి ఊరి సచివాలయానికి వెళ్ళినప్పుడు, అక్కడ పనిచేసే ధనశ్రీని అడిగింది.

"అమ్మాయీ, ఆ భవానీ ఎవరో నీకేమన్నా తెలుసా? మన నేతవాళ్ళలోనే ఎవరో అయ్యుంటాడు. మా బాధ తెలిసిన మనిషి."

ధనశ్రీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నేతవాళ్ళు కాదు పిన్నిగారూ. ఆ రోజు పేటకొచ్చిన ఆఫీసరు గారు గుర్తుపట్టారు. పోయినేడు బెజవాడలో బుడమేరు పొంగినప్పుడు, బురద కడుక్కుని ముగ్గేసుకున్న ఇళ్ళన్నిటికీ 'నష్టం లేదు' అని రాసిన ఉద్యోగి ఆయనేనంట."