ఏనుగు బొమ్మ బిళ్ళ

"ఆగరా మొద్దూ!"

మాచర్ల బజారులో బిందెలకు మాట్లేసే మౌలాలీ కరిగించే మూసలో వేయబోతున్న సీసం బిళ్ళను ప్రభాకరరావు మేష్టారు లాక్కున్నారు. పాత నాణేలు పోగేయటంలో జిల్లాలో తనంతటివాడు లేడని ఆయనగారి నమ్మకం.

పంచె చెంగుతో మట్టి తుడిచారు. ఏనుగు బొమ్మ బయటపడింది.

"ఇక్ష్వాకుల నాణెంరా ఇది! గాడిదకేం తెలుసు గంధం వాసన? ఇంకా ఉన్నయ్యా?"

"దోసెడుండేవి. డ్యాం కాడ మట్టి తవ్వేవోళ్ళిచ్చారు. డబ్బా అడుగున ఇదొక్కటే మిగిలింది."

"మిగతావి?"

"కరిగించా."

"దరిద్రుడా! ఎవడు కరిగించమన్నాడురా నిన్ను?"

మౌలాలీ తిత్తి ఊదటం ఆపాడు.

"పోయిన శుక్రవారం మీ బిందె తెచ్చారు గదా మేష్టారూ. పాత డబ్బుల సంగతి మీకు తెలుసని డబ్బా చూపించి, ఇవేందని అడిగా. 'వెండా బంగారమా, ముష్టి సీసం, కరిగించి నా బిందెకు మాటెయ్యి' అన్నారు. చేత్తో కూడా ముట్టుకోలా."

మేష్టారు చేతిలోని బిళ్ళను మళ్ళీ పంచె చెంగుతో తుడవసాగారు.

మౌలాలీ మళ్ళీ తిత్తి అందుకున్నాడు.

"బిందె కారట్లేదు గదా?"