వెనక నడిచే మనిషి

బస్సు దిగి రెండడుగులు వేసిందో లేదో, టైలరమ్మ వీపు జలదరించింది.

వెనక్కి చూసింది.

గళ్ల చొక్కా మనిషి. ఇవాళ్టితో నాలుగో రోజు.

ఆవిడ బడిపిల్లలకు యూనిఫారాలు కుడుతుంది. బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, తల్లుల ఎదుటే పిల్లల కొలతలు తీసుకోవడం పదేళ్ల అలవాటు. పోయిన వారం ఎవరో దాన్ని ఫోనులో తీశారు. పక్కనున్న తల్లిని వీడియోలోంచి కత్తిరించేశారు. మిగిలింది పన్నెండు సెకన్లు. ఒక ఆడమనిషి, ఆమె చేతిలో టేపు, ఆ టేపు ఒక పిల్ల మెడ చుట్టూ.

కింద ఒక్కటే మాట: 'పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషి. జాగ్రత్త.'

లక్షల మంది చూశారు.

ఆ వీడియో తిరుగుతున్న యాప్ కంపెనీకి పేరూ చిరునామాలతో సహా ఫిర్యాదు పెట్టుకుంది. 'మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదు' అని జవాబొచ్చింది. ఇలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు వినడానికి కొత్త చట్టం కింద తెరిచిన ప్రభుత్వ ఆఫీసుకూ రాసింది. అక్కణ్ణించి ఉలుకూ పలుకూ లేదు.

అప్పట్నుంచీ ముఖానికి స్కార్ఫు కట్టుకునే నడుస్తోంది. దారిలో చంటిపిల్ల నవ్వినా తల తిప్పేసుకుంటోంది.

కూరల బండి దగ్గర ఆగింది. చెప్పులు కుట్టేవాడి దగ్గర అతనూ ఆగాడు.

"ఏంటమ్మా, అరకిలో టమాటాలకి అరగంటా? పెళ్లిచూపులా ఏంటి?" అంది బండి ఆవిడ.

టైలరమ్మ డబ్బులిచ్చి, చిల్లర తీసుకోకుండానే నడిచింది. ఇంటి సందు మలుపులో చెవి పక్కనే గొంతు వినిపించింది.

"అమ్మా, ఇవాళ ఈ సందులోంచి వెళ్లకండి."

గళ్ల చొక్కా.

"ఎ... ఎందుకు?"

"వద్దంతే. పెద్ద రోడ్డు మీదుగా వెళ్లండి. అటునుంచి కూడా మీ ఇల్లు వస్తుందిగా."

మీ ఇల్లు!

మనుషులున్న పెద్ద రోడ్డు మీదే పడుతూ లేస్తూ పరిగెత్తింది.

"ఏంటక్కా, కుక్క తరిమిందా?" అన్నాడు తమ్ముడు తలుపు తీస్తూ.

"వాడికి మన ఇల్లు తెలుసురా!"

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. గడియ పెట్టాడు. కిటికీ కూడా మూశాడు.

"పోలీసులకి చెబుదామా?"

"ఆ వీడియోలో ఉన్నది నువ్వేనా అని ముందు నన్ను కూర్చోబెడతారు."

"అయితే మన దగ్గరా ఫోనుంది కదక్కా. వాడి ఫొటో ఉందా?"

ఉంది. పొద్దున బస్సు కిటికీలోంచి తీసింది.

"పేరు కూడా తెలీదు కదరా."

"నీ పేరు తెలిసే పెట్టారా నీ వీడియో?"

ఆవిడ ఫోను తమ్ముడి చేతికిచ్చింది.

వాడు టకటకా రాశాడు: 'ఆడవాళ్ల వెంటపడే మనిషి. కనిపిస్తే వదలకండి.'

"వదలకండి అని ఎందుకురా?"

"అలా రాస్తేనే నలుగురూ చూస్తారక్కా."

టీ తాగేలోపు మూడు వేల మంది చూశారు. వారం రోజులుగా సహించని అన్నం ఆ పూట ఆవిడకు సహించింది.

మర్నాడు ఎక్కడికెళ్లినా వెనక ఎవరూ లేరు.

సాయంత్రం మిషను ముందు కూర్చుని ఉంటే తమ్ముడు వచ్చాడు.

"దొరికాడంటక్కా. బస్టాపులో. బాగా తగిలించారంట."

మిషను చక్రం మీద ఆవిడ చెయ్యి ఆగింది.

"ఎంత బాగా?"

వాడు చొక్కా మార్చుకునే నెపంతో లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది. తలుపు సందులోంచి చూస్తే, ఫైలు పట్టుకున్న ఆడమనిషి.

"ఫిర్యాదుల ఆఫీసు నుంచమ్మా. మీ వీడియో తీయించేశాం. నిన్న సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది."

టైలరమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసింది. ఆఫీసరమ్మ ముఖంలో మాత్రం ఏ సంతోషమూ లేదు.

"మన సాక్షికీ ఈ మాట చెబుదామని ఆస్పత్రికి వెళ్లాను. వినే స్థితిలో లేడు."

"సాక్షా? నేనెవర్నీ పంపలేదే."

ఆఫీసరమ్మ ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. బస్సు కిటికీలోంచి తీసిన ఫొటో.

"ఇది మీ ఇంట్లోంచే వెళ్లింది కదూ?"

"అతను నా వెంటపడ్డాడండీ! మా ఇల్లు కూడా తెలుసతనికి!"

"మీ ఫిర్యాదులో చదివాడమ్మా. ఆ కంపెనీలో ఫిర్యాదులు చదివే ఉద్యోగం ఆయనది. మీ వీడియో తీసెయ్యాలని రాశాడు. పైవాళ్లు కుదరదన్నారు. ఉద్యోగం మానేసి మా దగ్గరికొచ్చి సాక్ష్యం చెప్పాడు."

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"ఫిర్యాదు చేసినవాళ్లతో సాక్షి మాట్లాడితే కేసు నిలవదని మేమే కట్టడి చేశాం. మొన్న మీ వీడియో నమ్మినవాళ్లు కొందరు మీ సందు చివర కర్రలతో కాపుకాశారు, ఆ ఒక్కరోజే మా మాట దాటాడు."

"ఎందుకండీ... ఆయనకి నేనేమవుతానని?"

ఆఫీసరమ్మ ఫైలు మూసింది.

"పోయినేడు ఇలాంటి వీడియోనే ఒకటి పర్వాలేదని వదిలేసింది తనేనట; అందులో ఉన్నావిడ ప్రాణాలతో ఇల్లు చేరలేదు, అందుకే మీరు చేరేదాకా రోజూ మీ వెనకాలే నడిచాడు."