మక్కజొన్న తాళం

"సాయంత్రం ఐదింటిలోపు పచ్చదీపం రాకపోతే పటాన్‌చెరు పెట్టెనీ, అక్కడి అమ్మాయినీ కూడా మార్చేస్తాను. నీ పనితనం నాకు తెలుసు, తప్పు ఆవిడదే," అనేసి మేనేజరు వెంకటరామయ్య వెళ్లిపోయాడు. బిల్లీ గడియారం వంక చూశాడు. అప్పటికే నాలుగున్నర.

బొల్లారం మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని బిల్లీది, పటాన్‌చెరు ఆఫీసులో ఇంద్రజది. రెండు చోట్లనూ ఇంటర్నెట్లో గుట్టుగా కలిపే వీపీఎన్ దారి వాళ్లిద్దరూ వెయ్యాలి. ఇక్కడి రూటరు పెట్టె ఒక కంపెనీది, అక్కడిది ఇంకో కంపెనీది, రెంటికీ అస్సలు పడదు. దారి కలిస్తే పెట్టె మీద పచ్చదీపం, కలవకపోతే ఎర్రదీపం. మూడు వారాలుగా రోజూ పదకొండింటికి ఇంద్రజ ఫోన్ చేస్తుంది. గంటసేపు ఇద్దరూ కుస్తీ పడతారు. ఆ దారిన ఆఫీసుకు వెళ్లాల్సిన మందుల బ్యాచ్ కాగితాలు మాత్రం కంపెనీ బస్సెక్కి పోతూనే ఉన్నాయి. ఆ ఫోన్ కోసం బిల్లీ ఇస్త్రీ చొక్కా వేసుకొస్తాడు. ఫోన్లో చొక్కా కనబడదని తెలిసే వేసుకొస్తాడు.

మొదటి రోజు తప్పు సంగతి వేరు. రెండు పెట్టెల్లోనూ ఒకే రహస్యపదం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. బిల్లీ 'మక్కజొన్న' అని కొడితే, కోస్తా ఇంటిపిల్ల ఇంద్రజ 'మొక్కజొన్న' అని కొట్టింది. తప్పు దొరికాక పడీపడీ నవ్వుకుని, మక్కజొన్ననే ఖాయం చేసుకున్నారు. అయినా దీపం ఎర్రగానే ఉండిపోయింది.

బిల్లీ తనే ఫోన్ చేశాడు.

"ఇవాళ రెండోసారండీ. రేపు పదకొండు దాకా ఆగలేకపోయారా?" ఇంద్రజ హుషారుగా అంది.

"మేడం, ఒక మాట చెప్త. జెర తిట్టకుర్రి."

"చెప్పండి."

"మక్కల తప్పు దొరికినంక, నేనే కావాలని ఒక అక్షరం మళ్ల తప్పు కొట్టిన. కనెక్షన్ కుదిరితే మీరు ఇగ ఫోన్ చెయ్యరని పరేషాన్ అయిన. గని సారు మీ నౌకరీ మీదికి తెస్తున్నడు. ఇప్పుడే సరిచేస్త. తప్పంతా నాదేనని సారుకు చెప్త."

బిల్లీ గబగబా అక్షరం దిద్ది, మీట నొక్కి చూశాడు.

దీపం ఎర్రగానే ఉంది.

"గిదేంది? నా దిక్కు అంతా సరిగ్గనే ఉంది మేడం."

ఇంద్రజ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు.

"అయితే నా అక్షరం కూడా దిద్దెయ్యనా అండీ?"