పరలోకంలో ఎర్రచెల్క

పాస్టర్ విజేందర్ ఫోన్‌లో చూపించిన పరలోకాన్ని చూసి సోమన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“పరలోకం గిట్లుంటదా అయ్యగారూ? గిది పోరగాండ్లు ఫోన్ల ఆడే ఆట లెక్కున్నది.”

“ప్రకటన గ్రంథం చదివినవా నువ్వు? నాలుగో తరగతిల బడి ఎగ్గొట్టినోనివి. సూపించింది గియ్యి, చాలు.”

ఏడాదిగా ఆ ఊళ్లో కిరాయికుంటూ గోడలకు రంగులేసి బతుకుతున్న సోమన్న, పళ్లు కొరుకుతూనే చెప్పిందల్లా గీశాడు. కొత్త చర్చి గోడ నిండా గాజు కోటలు లేచాయి. గుర్రాలకు రెక్కలొచ్చాయి. సింహాల జూలులోంచి మెరుపులు రాలాయి. ఆదివారం ప్రతిష్ఠకు షాద్‌నగర్ నుంచి పెద్దలొస్తారు. వాళ్లు నోరెళ్లబెట్టాలన్నదే విజేందర్ పంతం.

కింది మూల ఒక్కటే సోమన్న తన ఇష్టానికి గీసుకున్నాడు. ఎర్రమట్టి చెల్క చేను, దాని హద్దు వెంట రాళ్లు పేర్చిన గెట్టు, బాయి, దాని పక్కన ఒక కొమ్మ విరిగిన వేపచెట్టు.

శుక్రవారం పొద్దున విజేందర్ కంట అది పడింది.

“గిదేంది?”

“చెల్క.”

“బంగారు వీధుల పక్కన చెల్కనా? గా యాపకొమ్మ ఇరిగిందేంది? పరలోకంల గాలిదుమారం గూడ వస్తదా?”

“ఇరిగిందే ఉండాలె.”

చర్చి ఊడుస్తున్న ముసలి మైసమ్మ చీపురు ఆపి పకపకా నవ్వింది. “ఈడ కూలికి జేసిన కైకిలి సాలదా కొడుకా? సచ్చి ఆడికి పోయినంక గూడ నాతోని కలుపు తీపిస్తవా?”

“కైకిలి గాదవ్వా. ఆడ ఎవలది వాళ్లే చేసుకుంటరు.”

విజేందర్ నవ్వలేదు. “సింహాసనం కాడికెల్లి జీవజలనది రావాలె. వాక్యంల ఉన్నది. కిందికి దించి, గీ మూలంతా నీలం కొట్టు.”

“నదిని మీదికెల్లే తిప్పుత.”

“నీళ్లు మీదికి పారుతయా?”

“గుర్రాలు ఎగురంగ లేంది, నీళ్లు పారయా?”

విజేందర్ తనే బ్రష్షు నీలంలో ముంచి గోడ మీదికి చాపాడు. సోమన్న చటుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు. తెల్లచొక్కా మీద నీలం చిందింది. “యేసయ్యా!” అంటూ మైసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నా కూలి నువ్వే ఉంచుకో. కోటలు చెరుపుకో, గుర్రాల రెక్కలు ఇరుసుకో. గా గెట్టు లోపటికి సుక్క నీళ్లు రానియ్య!” సోమన్న గొంతు చిరిగేలా అరిచాడు.

“దేవుని నదినే ఆపుతవా?”

“ఆపుత. ఈసారి ఆపుత.”

“ఉత్త బొమ్మ కోసం గింత లొల్లేందిరా?”

 సోమన్న పట్టిన చెయ్యి వదల్లేదు.

రిజర్వాయర్ నీళ్లలో మునిగిన అతని మూడెకరాల పన్నెండు గుంటలు అచ్చం అలాగే ఉండేవి.