బిక్షమ్మ చెప్పిన ముఖం

ఎస్సై రామచంద్రం లాఠీ కీబోర్డు పక్కన ఠప్పున పడింది. బషీర్ ఉలిక్కిపడి మౌస్ వదిలేశాడు.

"పొద్దుగాల సంది నలుగురిని గొడ్లను బాదినట్టు బాదిన. నా చేతులు నొస్తున్నయి గానీ ఒక్కడు నోరు తెరవలే. ఇగ నీ కంప్యూటరే దిక్కు. హంతకుని ముఖం తియ్యి, బషీర్."

మహబూబ్‌నగర్ బస్టాండు ఎదురుగా డీటీపీ సెంటర్ పెట్టినప్పటి నుంచి బషీర్ పెళ్లికార్డులు, ఎన్నికల కరపత్రాలు, రసీదు పుస్తకాలు చేశాడు గానీ, హంతకుడి ముఖం తీయమని అడిగినవాళ్లు లేరు. కాదనే ధైర్యమూ అతనికి లేదు.

స్టూలు మీద బిక్షమ్మ ముడుచుకుని కూర్చుంది. నిన్న సాయంత్రం ఆమె ఒక్కగానొక్క కొడుకు కుర్మయ్యను, బోరు దగ్గర మోటారు వైర్లు కోస్తున్న దొంగ చంపేశాడు. అడ్డం వచ్చినందుకు గొడ్డలి కర్రతో తల పగలగొట్టాడు. కింద పడ్డాక బండరాయి ఎత్తి ముఖం మీద వేశాడు. ఒకసారి వేసి ఊరుకోలేదు. దవాఖానలో తల చుట్టూ బట్ట చుట్టేశారు. తల్లి ఎంత మొత్తుకున్నా విప్పలేదు. విప్పి చూపించడానికి అక్కడ ముఖమంటూ మిగల్లేదు.

ఎస్సైకి అందరి మీదా కోపంగానే ఉంది. పోలీసు కుక్క హైదరాబాదు నుంచి ఇంకా రాలేదు. ఊళ్లోవాళ్లు తలుపులు బిగించుకున్నారు. పేపరువాళ్లు పోయినవాడి ఫోటో కావాలని ప్రాణం తీస్తున్నారు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఈమె కొడుకును ఎన్నడూ దిగనివ్వలేదట. ఎవరితో వేగాలి అని విసుక్కున్నాడు. సాయంత్రంలోగా బొమ్మ చేతికి రాకపోతే హంతకుడు బొంబాయి బస్సెక్కేస్తాడు, కేసు అంతటితో సరి.

"నేను ఎన్క నుంచే సూసిన సారూ. ఉరుకుతుంటే సూసిన" అంది బిక్షమ్మ.

"అందరిదీ గదే మాట. బోరు కాడికి కొడుక్కు బువ్వ పట్కపోయింది నువ్వు. నీ ముందటికెంచే ఉరికిండు వాడు. భయపడితే ఎట్ల? చెప్తవా, కేసు మూసెయ్యాల్నా?"

 బిక్షమ్మ తలెత్తి, బషీర్ వైపు తిరిగింది.

"చెప్త. గీసినంక బొమ్మ నాకిస్తరా?"

"ఇస్తం" అన్నాడు ఎస్సై. "దాని మీద ఉమ్మేసుకో, చెప్పుతోటి కొట్టుకో. నీ ఇష్టం."

బషీర్ కంప్యూటర్లో ఉన్న కళ్లూ ముక్కులూ ఒకదానికొకటి అతికించి చూపించాడు. బిక్షమ్మ తల అడ్డంగా ఊపింది. అది మనిషి ముఖమే కాదంది. నిజమే. బట్టల కొట్టు ముందు నిలబెట్టే బొమ్మలా ఉంది. బషీర్ మానిటర్ ఆపేసి, సొరుగులో అడుగున పడి ఉన్న పెన్సిలు తీశాడు.

ఒకప్పుడు వారపత్రికల కథలకు బొమ్మలు వేసిన చెయ్యి అది. కంప్యూటరు వచ్చాక మౌస్‌కు అలవాటు పడి, గీత వంకర పోతే మిషనే సరిచేసుకునే సుఖానికి మరిగింది. మొదటి గీతే వణికింది. బషీర్‌కు సిగ్గేసింది. కాగితం నలిపి పారేసి ఇంకొకటి తీశాడు.

ఈసారి సిగ్గు పోయి కోపం వచ్చింది. బండరాయి ఎత్తిన ఆ చేతులు కళ్ల ముందు మెదిలాయి. కళ్లు సన్నగా, క్రూరంగా గీశాడు. పెదవి వంకర తిప్పాడు. బిక్షమ్మ గబుక్కున రబ్బరు లాక్కుంది.

"గట్ల కాదు బిడ్డా. కండ్లు పెద్దగుంటయి. నవ్వినట్టే ఉంటయి."

"గిసొంటోళ్లు నవ్వుకుంటనే గొంతు కోస్తరు" అన్నాడు ఎస్సై.

 బషీర్‌ను సన్నటి కళ్లకన్నా ఆ నవ్వే కళ్లే ఎక్కువ భయపెట్టాయి.

ఆమె ఇక ఆగలేదు. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు. ముందు పన్ను మీదికి ఎక్కిన ఇంకో పన్ను. నుదుటి దగ్గర సుడి, ఎంత దువ్వినా లేచి నిలబడే వెంట్రుకలు. అప్పుడప్పుడే వస్తున్న మీసం. పరుగెత్తే మనిషిలో ఇన్ని ఎలా చూసిందా అని బషీర్ ఆశ్చర్యపోయాడు. కొడుకును చంపినవాడి ముఖం కళ్లల్లో మేకు దిగినట్టు దిగిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. చెయ్యి మెల్లగా దారికి వచ్చింది. కాసేపటికి గీతలు అతన్ని అడక్కుండానే పడసాగాయి.

ఇంత ప్రాణమున్న ముఖం అతను జీవితంలో గీయలేదు. సంతోషం కలిగింది, వెంటనే అసహ్యం వేసింది. వీడికా ఇంత అందం అనిపించి పెన్సిలు కసిగా నొక్కాడు. కంటిపాప దగ్గర ముల్లు పుటుక్కున విరిగింది. బిక్షమ్మ తనకే గుచ్చుకున్నట్టు అబ్బా అంది.

ఎస్సై బొమ్మ లాక్కుని పక్క కొట్టుకు వెళ్లి జిరాక్సులు తీయించుకొచ్చాడు.

"వీడు దొరికితే స్టేషన్ దాకా తేను. దొరికిన కాడ్నే కాళ్లు చేతులు ఇరగ్గొడ్త" అన్నాడు.

అసలు బొమ్మ ఆమె ఒళ్లో పడేశాడు. బిక్షమ్మ కొంగుతో దాని మీది రబ్బరు పొట్టు తుడిచింది. ఉమ్మేస్తుందేమోనని బషీర్ ముఖం తిప్పుకున్నాడు. ఎంతకూ చప్పుడు లేదు.

బయట ట్రాక్టరు ఆగింది. దవాఖాన నుంచి శవాన్ని తెస్తున్న ఆమె అన్న కాటమయ్య, చెల్లెలిని తీసుకుపోవడానికి లోపలికి వచ్చాడు. ఎస్సై ఒక జిరాక్సు కాగితం అతని చేతిలో పెట్టాడు.

"మీ ఊరి దిక్కు గీ ముఖం ఎన్నడన్నా చూసినవా? జర నిదానంగ చూసి చెప్పు."

కాటమయ్య కాగితం చూశాడు. చెల్లెలి వైపు చూశాడు.

"ఈడు మా కుర్మయ్యే, సారూ."